ఏడుపు మాన్పడం వేరు, నిద్రపుచ్చడం వేరు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఈ ఏడు నన్ను మాట్లాడమన్నప్పుడు, ఉర్దూ పంతులు గనుక చదువుల మీదనో, స్కాలర్‌షిప్పుల మీదనో చెబుతాడని అనుకొని ఉంటారు. పసిపిల్లల నిద్ర గురించి చెబుతానన్నాను. "మాస్టర్ సాబ్, అది ఆడవాళ్ల సంగతి గదా" అని నవ్వినారు. ఆడవాళ్ల సంగతి అని మగవాళ్లం పక్కకు తప్పుకోవడం వల్లనే ఇది ఇంతదూరం వచ్చిందని నా అభిప్రాయం. నేను డాక్టరును కాను. ఇరవై ఏండ్లుగా చిన్న తరగతులకు చెబుతున్న పంతులును, ముగ్గురు పిల్లల తండ్రిని. డాక్టర్లు చెప్పగా విన్నదీ, చదివి తెలుసుకున్నదీ, తప్పు చేసి నేర్చుకున్నదీ చెబుతాను. ఉర్దూలో గాక తెలుగులో ఎందుకంటే, మన ఇండ్లలోని కోడండ్లు, బిడ్డలు చాలామంది తెలుగు బడిలో చదివినవాళ్లు. ఈ సంచిక ఇంటికి చేరినాక చదివేది వాళ్లే.

మొదట నా తరగతి సంగతి. నాలుగేండ్ల కింద ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు రోజూ రెండో పీరియడుకల్లా బల్ల మీద తల వాల్చేవాడు. లేపి నిలబెట్టాను. నిలబడి కూడా తూగేవాడు. తోటి పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వినాను, దాచడమెందుకు. ఒకనాడు వాళ్ల ఇంటికి పోయినాను. ఒకటే గది, ముందు రేకుల వసారా. తండ్రి రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. అప్పుడు అన్నం, టీవీ, ఫోను. ఆ సందడికి చంటి చెల్లెలు లేచి ఏడుస్తుంది. పిల్లవాడు పడుకునేది ఒంటిగంటకు, లేచేది ఏడింటికి. ఆ వయసు పిల్లలకు తొమ్మిది గంటలకు తక్కువ కారాదని వైద్యులంటారు. నేను నిలబెట్టవలసింది వాణ్ణి కాదు.

మాటల్లో ఆ తల్లి అన్నది: "చిన్నదానికి ఒక్కోరోజు సర్ది మందు పోస్తం మాస్టర్ సాబ్. ఆ రోజు ఇంటిల్లిపాదీ పండుకుంటం." ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమన్నది. ఎందుకో చెబుతాను. ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు.

మా పెద్దమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఆమెను అడిగి, ఒప్పుకున్నాకనే చెబుతున్నాను. ఆమెకు ఐదో నెల నడుస్తున్నప్పుడు మా ఇంటావిడకు జ్వరం పట్టుకున్నది. పాప రాత్రంతా ఏడుపు. మూడు రాత్రులు నిద్ర లేక బడికి పోతే, నా మొహం చూసి ఒక పెద్దమనిషి సలహా ఇచ్చినాడు: జలుబు సిరప్పు అర చెంచా పొయ్యి, మా ఇంట్ల అందర్నీ అట్లనే పెంచినం అని. మందుల దుకాణంలో చీటీ గీటీ అడగకుండా సీసా చేతిలో పెట్టినారు. ఆ రాత్రి పాప నిజంగానే నిద్రపోయింది. ఎంత సంబరపడ్డానో! రెండో రాత్రి మళ్లీ పోసినాను. నేను పోసిన సంగతి తెలియక మా ఇంటావిడ జ్వరంలోనే లేచి తానూ పోసింది. తెల్లారి ఎనిమిదైనా పాప లేవలేదు. పడుకోనీ, మంచిదే అనుకున్నాం. పదింటికి మా అమ్మ వచ్చి ఎత్తుకుంటే పాప తల వెనక్కు వాలిపోయింది. రొమ్ము నోట పెడితే పట్టలేదు. "యే నీంద్ నై హై బేటా!" అన్నది మా అమ్మ. ఇది నిద్ర కాదురా అని.

ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తినాం. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఏమైనా మందు పోసినారా?" అని. "ఏమీ లేదమ్మా" అన్నాను. పిల్లలకు అబద్ధమాడరాదని రోజూ చెప్పే నోటితోనే అన్నాను. ఎవరి కంటా పడొద్దని జేబులో వేసుకున్న సీసాను మా అమ్మ బయటికి లాగి బల్ల మీద పెట్టింది. ఒక పగలు, ఒక రాత్రి పాప ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఆస్పత్రిలో ఉన్నాం. అల్లా దయవల్ల బిడ్డ దక్కింది. పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "పాప నిద్రపోలేదు మాస్టారూ, మత్తులో ఉన్నది. రెండూ ఒకటి కాదు" అని మాత్రం అన్నది. మీకు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటే. మిగిలినదంతా దానికి వివరణ.

ఈ తప్పు నాతో మొదలైంది కాదు. వెనుకట నాట్లకు, కలుపుకు పోయే తల్లులు పసిదానికి ఆవగింజంత అఫీము, అంటే నల్లమందు, పాలలో రంగరించి నాకించి పోయేవారని మా దాదీ చెప్పేది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు 'బాల గోళీ' అనే నల్లమందు మాత్ర బిడ్డకు వేసి పనికెక్కేవారని 1920ల నాటి నివేదికల్లో ఉన్నది. దొరల దేశాల్లోనూ ఇదే కథ. అమెరికాలో 1849 నుంచి మిసెస్ విన్‌స్లో పేరు మీద అమ్మిన పిల్లల సిరప్పులో మార్ఫిన్ ఉండేది. అదీ నల్లమందు నుంచి తీసినదే. 1906లో చట్టం వచ్చి, ఇటువంటి మత్తు పదార్థం ఉంటే సీసా మీద రాయవలసిందేనన్నది. 1911లో అక్కడి వైద్యుల సంఘం దానిని పసిపిల్లలను చంపే మందుల లెక్కలో వేసింది. మన ఇండ్లలో గూట్లో కనబడే గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండు దేశంలో నాటింగ్‌హామ్ పట్టణంలో పుట్టింది. మొదట్లో దానిలో సారాయి కలిసేది, తరువాత తీసివేసినారు. సారాయి లేకున్నా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదని వైద్యులు చెబుతుంటే, ఇక గ్రైప్ వాటర్‌తో పనేమిటి?

ఆ తల్లులు చెడ్డవాళ్లు కారు. పొద్దంతా పని, రాత్రి నిద్ర లేదు, బిడ్డను పట్టుకునేవాళ్లు లేరు. అఫీము పోయింది గాని ఆ అవసరం పోలేదు. అందుకే దాని జాగాలో సర్ది మందు వచ్చి కూర్చున్నది. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ అనే రెండూ కలిసిన జలుబు మందు నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీదనే అచ్చువేయాలని ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఇరవై మందికి పైగా పిల్లలు దగ్గు మందు తాగి చనిపోయిన వార్త మీరందరూ విన్నదే. దానిలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. ఆ పిల్లలకు పోసింది నిద్ర కోసం కాదు, దగ్గు కోసమే. అయినా ఆ తరువాత కేంద్ర ఆరోగ్య శాఖ ఏమన్నదో గుర్తుంచుకోండి: రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వనే రాదు, ఐదేండ్లలోపు పిల్లలకు సాధారణంగా అక్కరలేదు. జబ్బుకే అక్కరలేని మందు నిద్రకు ఎట్లా పోస్తాం?

మరి బిడ్డ ఎందుకు లేస్తుంది? అప్పుడే పుట్టిన బిడ్డ రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. మనకంటే రెట్టింపు. అయితే ఒక్కసారిగా కాదు, రెండు మూడు గంటల ముక్కలుగా. కడుపు చిన్నది, పాలు తొందరగా అరుగుతాయి, ఆకలికి లేస్తుంది. దానికి రాత్రి పగలు తేడా తెలియదు. ఆ తేడా మూడు నాలుగు నెలలకు గాని కుదరదు. అందాకా రాత్రిపూట పాలు మాన్పాలనుకోవడం తల్లికీ బిడ్డకూ నష్టమే. రాత్రి పాలలో నిద్రకు పనికివచ్చే మెలటోనిన్ అనే పదార్థం ఉంటుంది. రాత్రి పాలివ్వడం వల్లనే తల్లికి పాలు నిలుస్తాయి. పక్కింటి బిడ్డ ఆరో నెలకే తెల్లవార్లూ పడుకుంటున్నదని పోల్చుకొని దిగులుపడేవాళ్లున్నారు. ఏడాది నిండినాక కూడా రాత్రి ఒకటి రెండుసార్లు లేచే బిడ్డలు ఎందరో. అది రోగం కాదు.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను. మన చెల్పూర్‌లో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం 500 మెగావాట్ల మొదటి యూనిటు 2010లో మొదలైంది, తరువాత 600 మెగావాట్ల రెండో యూనిటు వచ్చింది. అటు భూపాలపల్లిలో సింగరేణి గనులు. కంపెనీ మనిషైనా, కాంట్రాక్టు మనిషైనా, క్యాంటీను మనిషైనా, షిఫ్టు లేని ఇల్లు తక్కువ. నైటు షిఫ్టు చేసిన తండ్రి పొద్దున వచ్చి పడుకుంటాడు. పాపం, ఆయనకూ నిద్ర కావాలి. ఇల్లాలు తలుపులు మూస్తుంది, కిటికీకి దుప్పటి కడుతుంది. "అబ్బా పండుకున్నడు, చప్పుడు చెయ్యకు" అని పెద్దపిల్లలను వాకిట్లోకి తోలుతుంది. చంటిబిడ్డ మాత్రం ఆ చీకటి గదిలోనే ఉంటుంది. చీకటి, నిశ్శబ్దం, ఫ్యాను గాలి. హాయిగా సాయంత్రం దాకా నిద్రపోతుంది. రాత్రి తండ్రి డ్యూటీకి పోగానే దీపాలు వెలుగుతాయి, పెద్దపిల్లలు ఇంట్లోకి వస్తారు, టీవీ మోగుతుంది. బిడ్డకు అదే పగలు! బిడ్డ తిక్కది కాదు. మనం చూపించిన పగలునే పగలనుకున్నది, మనం చూపించిన రాత్రినే రాత్రనుకున్నది.

దీనికి ఖర్చు లేని మందు ఉన్నది. పొద్దున లేత ఎండవేళ బిడ్డను వెలుతురులోకి తేవాలి. పగలు వసారాలోనో, దాదీ ఇంట్లోనో, పక్కింటి ఖాలా దగ్గరనో మాటల మధ్య, గిన్నెల చప్పుడు మధ్య పడుకోబెట్టాలి. రాత్రి పాలిచ్చేటప్పుడు పెద్ద లైటు వేయకూడదు, ఆడించకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఇచ్చి, తుడిచి, పడుకోబెట్టడమే. వారం పది రోజుల్లో ఫలితం కనబడకపోతే విసుగుపడి మానకండి. కొంతమందికి ఇంకా పడుతుంది. అత్తగార్లకు ఒక మనవి. కోడలి చేతుల్లోంచి పగలు రెండు గంటలు బిడ్డను అందుకుంటే అదే పెద్ద సహాయం. మగవాళ్లకు మనవి వేరే ఉన్నది. ఇషా నమాజు చేసి నేరుగా ఇంటికి రండి. ఇషా తరువాత వట్టి ముచ్చట్లు పెట్టుకోవడం ప్రవక్త (స) వారికి ఇష్టముండేది కాదని హదీసులో విన్నవాళ్లమే, మరి మన హోటలు బెంచీలు పదకొండుదాకా ఎందుకు నిండి ఉంటాయి? బిడ్డను భుజాన వేసుకొని తిప్పడానికి రొమ్ము అక్కరలేదు, భుజం చాలు.

లోరీ పాడటం కూడా తల్లి ఒక్కదాని హక్కు కాదు. నా గొంతు బండగొంతు. మా చిన్నవాడికి ఎక్కాలు రాగం తీసి పాడేవాణ్ణి. ఏడో ఎక్కం దాటేవాడు కాదు. పాట ఏదైనా రోజూ ఒకటే ఉండాలి, వరుస ఒకటే ఉండాలి. మొహం కాళ్లు తడిగుడ్డతో తుడవడం, పాలు, పొడి బట్టలు, చిన్న దీపం, పాట. వరుస తెలిసిన బిడ్డ పాట మొదలుకాగానే కండ్లు వాలుస్తుంది. నాలుగైదు నెలలు దాటిన బిడ్డను పూర్తిగా నిద్రపోయినాక గాక, కండ్లు మూతలు పడుతున్నప్పుడే పక్క మీద వేసి జోకొట్టడం అలవాటు చేస్తే, నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు తనంతట తానే మళ్లీ పడుకోవడం నేర్చుకుంటుంది. నిద్రలో పసిపిల్లలు మూలుగుతారు, నవ్వుతారు, కాళ్లు తన్నుతారు. కదిలిన ప్రతిసారీ ఎత్తుకుంటే పడుకున్న బిడ్డను మనమే లేపినవాళ్లమవుతాం. ఒక్క నిమిషం ఆగి చూడండి.

పొద్దుగూకగానే మొదలై రెండు మూడు గంటలు ఆగని ఏడుపు ఒకటుంటుంది. ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. మన ఇండ్లలో నజర్ తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పుతారు. పెద్దవాళ్లతో నేను వాదం పెట్టుకోను. తిప్పేముందు బట్ట తడిసిందా, చెవి పట్టుకొని ఏడుస్తున్నదా, ఒళ్లు కాలుతున్నదా, కాలివేలికి దారం చుట్టుకున్నదా చూడమంటాను. ఏదీ లేకున్నా ఏడుస్తుంటే ఎత్తుకొని తిరగండి. మీకే కోపం పట్టరానంతగా వస్తే బిడ్డను పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు వసారాలోకి పోండి. కోపంలో పసిబిడ్డను ఊపరాదు, కుదపరాదు. మెదడులో రక్తనాళాలు తెగి ప్రాణం మీదికి వస్తుంది. జ్వరమున్నా, పాలు తాగకున్నా, ఊపిరి ఎగబోస్తున్నా, ఎంత లేపినా లేవకున్నా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. ఏ మందు పోసినా దాచకుండా చెప్పండి. నాకు జరిగిన సిగ్గు మీకు వద్దు.

పక్క సంగతి చెప్పాలి. బిడ్డను బోర్లా పడుకోబెడితే బాగా పడుకుంటుందని ఒక నమ్మకం. ఏడాదిలోపు బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. ఇంగ్లండులో 1991లో, అమెరికాలో 1994లో ఈ ఒక్క మాటను ఇంటింటికీ చాటినాక, నిద్రలో కారణం తెలియకుండా చనిపోయే పసిపిల్లల సంఖ్య సగానికి సగం పడిపోయింది. మందు లేదు, మిషను లేదు, పడుకోబెట్టే తీరు మారింది, అంతే. మెత్తటి దిండ్లు, బరువైన రజాయి బిడ్డ మొహం దగ్గర ఉండరాదు. మన దగ్గర అందరం ఒకే పక్క మీద పడుకుంటాం, అది మన పద్ధతి. అయితే తాగి వచ్చినవాడు, మత్తు వచ్చే మందు వేసుకున్నవాళ్లు, బీడీ సిగరెట్టు కాల్చేవాళ్లు బిడ్డ పక్కన పడుకోరాదు. మనలో తాగేవాళ్లు లేరని ఎవరైనా అంటే, నేనేమీ అనను.

చీర కట్టిన ఝూలా మనకు అలవాటు. చిన్నబిడ్డ తల వంగి గడ్డం గుండెకు ఆనకుండా, ముక్కు మీద బట్ట పడకుండా మనిషి కంటి ముందు ఉన్నంతసేపే అది మంచిది. ఆరేడేండ్ల పిల్లలు అదే చీరలో మెలికలు తిరిగి ఆడుతుంటే మెడకు చుట్టుకుంటుంది. బిడ్డ లేనప్పుడు చీర విప్పి పైన వేయండి. ఎండాకాలంలో మన దగ్గర రాత్రి కూడా వేడి తగ్గదు. చల్లిల పిల్ల అని టోపీ, మేజోళ్లు, రెండు దుప్పట్లు కప్పుతారు. ఉక్కకు ఏడ్చే బిడ్డకు ఆకలని పాలు, కడుపునొప్పని వాము నీళ్లు! మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే బట్టలు తగ్గించండి. ఇక దోమలు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికిందరాబాదులోనే. అంత దగ్గర కనిపెట్టినా మనం ఇంకా తలుపులు మూసి, గదినిండా కాయిలు పొగ పెట్టి పసిబిడ్డను అందులో పడుకోబెడుతున్నాం. దోమతెర కట్టండి. 2017లో మొదలైన కె.సి.ఆర్. కిట్టులో చిన్న దోమతెర కూడా ఇచ్చేవారు. ఎన్నో ఇండ్లలో అది బియ్యం డబ్బా మీద కప్పి ఉండటం చూసినాను. అకీఖాకు పిలిస్తే వెండి గిన్నె తీసుకుపోయేవాళ్లు ఈసారి ఒక దోమతెర తీసుకుపోండి, తక్కువగా ఎవరూ చూడరు.

నడిచే పిల్లల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఒకటి రెండేండ్ల పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేండ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, పగటి కునుకుతో కలిపి. రెండేండ్లు నిండేదాకా ఫోను, టీవీ వద్దన్నారు. తరువాత రోజుకు ఒక గంట మించరాదన్నారు. మన ఇండ్లలో అన్నం తినిపించడానికి ఒక ఫోను, పడుకోబెట్టడానికి ఒక ఫోను. ఇది కూడా మత్తే, సీసాలో లేని మత్తు. రాత్రిపూట పిరుదులు గోక్కుంటూ కలవరపడే పిల్లలకు నులిపురుగులు ఉండవచ్చు. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి. నోరు తెరిచి రోజూ గురక పెట్టే పిల్లవాణ్ణి చూసి నవ్వక, గొంతు గడ్డలు చూపించండి. రంజాన్‌లో పిల్లలు తరావీహ్ దాకా, సహరీ దాకా మేల్కొని తిరుగుతుంటే మనకు ముచ్చటే. పెద్దపిల్లల సంగతి వేరు. మూడేండ్లవాణ్ణి మాత్రం ఎప్పటి వేళకు అప్పుడే పడుకోబెట్టండి, వానికి ఉపవాసం లేదు. పెండ్లిండ్లలో అర్ధరాత్రి దాకా మర్ఫా, డీజే మోగిస్తున్నాం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వద్దని 2000 సంవత్సరపు నియమాల్లోనే ఉన్నది. ఆ వీధిలో ఎన్ని ఝూలాలున్నాయో వరుని తరఫువాళ్లు ఒకసారి లెక్కపెట్టుకుంటే బాగుండును.

హదీసులో వచ్చిన ఇంకొక సంగతి చాలాసార్లు నా మనసులో మెదులుతుంది. ప్రవక్త (స) వారు నమాజు పొడవుగా చేయాలనుకొని నిలబడి, వెనుక పసిబిడ్డ ఏడుపు వినబడగానే ఆ తల్లి మనసు ఎట్లా కొట్టుకుంటుందో తలచి నమాజును కురచ చేసేవారట. బిడ్డ నోరు మూయించమనలేదు, తల్లిని బయటికి పొమ్మనలేదు. నమాజునే కురచ చేసినారు.

నాకిచ్చింది ఇరవై నిమిషాలు. ఆరింటికి మొదలు కావలసిన సభ ఏడున్నరకు మొదలైంది, ఇప్పుడు గడియారంలో తొమ్మిది కావస్తున్నది. మూడో వరుసలో ఒక పాప చాలాసేపటి నుంచి కండ్లు నులుముకుంటున్నది, దాని అన్న అప్పుడే తల్లి ఒళ్లో పడిపోయినాడు. ఇంకా బహుమతులు, వందన సమర్పణ ఉన్నాయి. కార్యవర్గం వారిని నేను కోరేది ఒక్కటే: చంటిపిల్లల తల్లులను ఇప్పుడే ఇండ్లకు పోనివ్వండి, వాళ్ల పిల్లల బహుమతులు రేపు బడిలో నేనే అందజేస్తాను. వచ్చే ఏడు ఈ సభను పొద్దున పది గంటలకు పెట్టండి.